కేశవ చెక్క

టంగుమన్నది మొదటి బోల్టు. అంటే బిగువుగా ఉంది. వదులైన బోల్టు తప్పు చేసినవాడిలా గొణుగుతుంది, బిగువైనది అడగ్గానే జవాబు చెబుతుంది, ఈ సంగతి చెంచులక్ష్మికి ఆరేళ్ల వయసులోనే వాళ్ల నాయన కేశవ నేర్పాడు, అప్పుడివి ఇంత లావు బోల్టులు కావు, కొయ్య రాట్నానికి కొట్టిన ఇనుప పట్టీలు, అయినా పలుకు పలుకే కదా. అరవై అడుగుల జెయింట్ వీల్ కొసన, పసుపుపచ్చ తొట్టిలో, ఒక మోకాలు సీటు మీద ఆనించి, చేతిలో చిన్న సుత్తితో ఆమె రెండో బోల్టు వైపు వంగింది. శనివారం పొద్దున తొమ్మిది దాటింది, పార్కు గేట్లు తీసేది పదికి, ఆలోపల ఇసుక మూటలు వేసి చక్రాన్ని ఇరవై నిమిషాలు తిప్పి, తర్వాత తాను ఎక్కి, కింద లివరు దగ్గరుండే నాయనతో కొసన ఆపించి, కీళ్లన్నీ తట్టి చూసుకోవాలి. ఇది రోజూ ఉండే పనే, రోజూ ఇదే గాలి, పడమట రోజూ అదే ఉదయగిరి కొండ, కానీ ఈ రోజు గుండె ఒక చోట నిలవడం లేదు, పెళ్లిచూపుల నాడు కూడా ఇంత కొట్టుకోలేదు, ఆ రోజు వచ్చింది రాజా ఒక్కడే, ఇప్పుడు రాబోతున్నది నూట ఇరవై అడుగుల చక్రం.

నూట ఇరవై. మూడు వారాల కిందట పార్కు ఓనరు పెంచలప్రసాద్ తన ఫోను ఆమె చేతిలో పెట్టి చూడమన్నాడు, కోయంబత్తూరు దగ్గర ఎవరో తయారుచేసి నిలబెట్టిన చక్రం, తొట్లు కావు, అద్దాల గదులు, లోపల ఫ్యాన్లు, కింద లివరు లాగే పనే లేదు, వేలితో తాకితే కదులుతుంది, వేలితో తాకితే ఆగుతుంది. ఆ వీడియోను ఆమె అన్నం వండుతూ చూసింది, బస్సులో చూసింది, మొగుడు లారీ దిగి ఇంటికొస్తే ఆయనకు కూర వడ్డించి మరీ చూపించింది, రాజా రెండు ముద్దల మధ్య బాగుండాదే అన్నాడు, ఆయన నోట అంత మాట రావడం పెద్ద విశేషమే. ఇప్పుడున్న చక్రం కొసకు వస్తే ఉదయగిరి కొండ శిఖరం నుంచి నడుము దాకా కనబడుతుంది, దక్షిణాన సోమశిల నీళ్లు దారప్పోగంత తెల్లగా మెరిసీ మెరవనట్టు ఉంటాయి. అదే నూట ఇరవై అయితే? కొండ కింది కోట గోడ కనబడుతుంది, నీళ్లు నీళ్లలాగే కనబడతాయి, ఇటు వింజమూరు, అటు ఆత్మకూరు, మధ్యలో తాను, పదో తరగతి తప్పిన చెంచులక్ష్మి, తిరునాళ్లలో పుట్టి తిరునాళ్లలో పెరిగి తిరునాళ్ల దుమ్ము తలకు పట్టిన చెంచులక్ష్మి, అద్దాల గదులను వేలి కొనతో తిప్పుతూ. మూడో బోల్టు టంగుమన్నది, అవునన్నట్టు.

ఒక్క సంతకం చాలు. ఆ సంతకం చేద్దామని నిన్న సాయంత్రమే అనుకుంది, రాత్రి నిద్రకు ముందు అనుకుంది, పొద్దున ముగ్గు వేస్తూ కాస్త పెద్ద ముగ్గే వేసింది. ప్రసాద్ కువైట్‌లో పద్దెనిమిదేళ్లు ఎండలో మాడి, వచ్చి ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పక్కన ఎర్రనేల కొని దుర్గం ఫ్యామిలీ పార్కు అని బోర్డు పెట్టినప్పుడు నవ్వనివాడు లేడు, గొర్రెలు మేసే చోట జెయింట్ వీలా అన్నారు, గొర్రెల్ని ఎక్కిస్తాడేమో అన్నారు. ఆదివారాలు జనం విరగబడి వచ్చాక ఆ నోళ్లు మూతపడ్డాయి. కానీ వారంలో ఆదివారం ఒక్కటే కదా. మిగతా ఆరు రోజులు చక్రం గాలికి తిరుగుతున్నట్టే ఉంటుంది, అందుకని ప్రసాద్ పార్కులో బీరు కౌంటరు పెడదామనుకున్నాడు, పెడితే ఆఫీసుల వాళ్లు వస్తారు, పెళ్లిళ్ల పార్టీలు వస్తాయి, నెల్లూరు నుంచి కార్లు వస్తాయి, పెద్ద చక్రం వస్తుంది, పెట్టకపోతే వచ్చే మార్చికి ఉన్న చక్రం కూడా అమ్ముకోవాలి, దాచుకోకుండా అందరి ముందరా ఇంతే చెప్పాడు. బీమా కంపెనీ వాళ్లు ఒక కాగితం పంపారు, తాగినవాళ్లను చక్రం ఎక్కకుండా ఆపే ఏర్పాటు మీ దగ్గర ఉందా అని అందులో ఒక ప్రశ్న, కింద చక్రం నడిపేవాళ్ల సంతకం. ప్రశ్నకు జవాబు ప్రసాద్ తన చేత్తోనే రాసేశాడు, ఉంది, కేశవ చెక్క అని. సంతకం కోసం మాత్రం ఖాళీ వదిలాడు, ఆ కాగితం ఈ మధ్యాహ్నం నెల్లూరు పోవాలి.

ఈ మూడు వారాలూ పార్కులో ఎంత వాదన, ఎంత గోల, జీతాల మాటకు కూడా ఇంతమంది ఒకచోట చేరలేదు. అందరికన్నా ముందు పెట్టాల్సిందే అన్నది క్యాంటీన్ హెన్రీ, తండ్రి చర్చిలో పెద్ద, ఇంట్లో దగ్గు మందు తాగాలన్నా సీసా మీద రాసింది మొత్తం చదివే కుటుంబం, ఆ హెన్రీ అన్నాడు, ఇప్పుడు వాళ్లు కార్లలో తాగి లోపలికొస్తా ఉండారక్కా, మనం పోస్తే ఎవరికి ఎంత పోసినామో మనకు తెలస్తాది, చాలంటే చాలని చెప్పొచ్చు అని. దానికి ఏం జవాబు చెప్పాలో చెంచులక్ష్మికి తోచలేదు, ఇప్పటికీ తోచలేదు, నిజం ఎవరి నోట్లో ఉన్నా నిజమే. పార్కు ఊడ్చే రెబెకమ్మ మాత్రం చీపురు ఆపకుండానే, సీసాలు ఇప్పుడు ముళ్లకంపలో ఏరతా ఉండా, అప్పుడు బల్లల కింద ఏరతా, నా నడుముకు ఏం తేడా అని నవ్వించింది, నవ్వులు అయ్యాక, బిడ్డలు చూస్తా ఉంటారే, అదొక్కటే అని ఊడ్చుకుంటూ పోయింది. బిడ్డలు. ఉగాది నాడు కార్లు నిలిపే చోట ఒక పాప, ఏడేళ్లుంటాయి, రెండు చేతుల్లో రెండు పీచు మిఠాయిలు, ఒకటి తనకు ఒకటి వాళ్ల నాన్నకు, నాన్న కారు డిక్కీ దగ్గర స్నేహితులతో గ్లాసు పట్టుకుని ఇదిగో వస్తున్నా అంటూనే ఉన్నాడు, మిఠాయి కరిగి మోచేతి దాకా కారింది. ఆ పాప ఏడవలేదు, కదల్లేదు. చెంచులక్ష్మి అప్పుడు వెళ్లి ఆ చేతులు కడిగింది. సరే, అలాంటి నాన్నలు బీరు కౌంటరు లేకముందే ఉన్నారు కదా, హెన్రీ చెప్పిందీ అదే కదా. అయినా బీరంటే ఏమంత భూతం, ఆమె కూడా రుచి చూసింది, కావలిలో మేనత్త కూతురి పెళ్లిలో, ఆడవాళ్లంతా తలుపేసుకుని, వేపపుల్లలు ఉడికించిన నీళ్లలా ఉంది, దీనికోసమా మగవాళ్లు ఆస్తులు అమ్ముకునేది అని అందరూ పడీ పడీ నవ్వారు.

అవ్వ ఉంటే ఈ పెళ్లి ముచ్చటకు చీపురు తిరగేసేది. శీనమ్మ అవ్వ, సారా ఉద్యమం రోజుల్లో కలిగిరి వైపు ఆడవాళ్లంతా కదిలితే వాళ్లలో తానూ ఒకతై సారా కొట్టు ముందు మూడు రోజులు కూర్చుంది, నాలుగో రోజు కొట్టువాడే తాళం వేసుకుపోయాడు, ఊరంతా అవ్వకు దండం పెట్టింది. ఇంటికొచ్చిన అవ్వ ముక్కు ఎగబీల్చి, నేరుగా రాట్నం దగ్గరికి పోయి, ఇరుసు పక్కన చేయి పెట్టి కొడుకు దాచుకున్న సారా ప్యాకెట్టు బయటికి లాగింది. కేశవను ఒక్క మాట అనలేదు. ప్యాకెట్టు కొరికి మొత్తం ఇరుసు మీద పోసి, నీకన్నా ఇదే ఎక్కువ కష్టపడతా ఉండాది, దీన్నే తాగనీ అంది. ఆ సాయంత్రమంతా రాట్నం కీచుకీచుమంటూనే తిరిగిందని నాయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. చెంచులక్ష్మికి కూడా నవ్వొచ్చింది, అరవై అడుగుల ఎత్తున ఒక్కతే, చేతిలో సుత్తితో, చూసేవాళ్లు ఉంటే పిచ్చిదనుకునేవాళ్లు.

కింద, చక్రం మెట్ల ముందు, చెక్క. ఇంత ఎత్తు నుంచి అగ్గిపుల్లలా ఉంది. జానెడు వెడల్పు, రెండు బారల పొడవు, చింతమాను చెక్క, నలభై ఏళ్ల పాదాలు పడి నున్నబడి అద్దంలా తేలింది. పెంచలకోన, ఏఎస్ పేట, ఉదయగిరి, ఏ తిరునాళ్లకు పోయినా కేశవ ముందు చెక్క వేసి తర్వాతే రాట్నం నిలబెట్టేవాడు, ఎక్కేవాడు ఎవడైనా దాని మీద నడిచి రావాలి, కాలు పక్కకు జారితే వెనక్కే, కరణం గారి బామ్మర్దైనా సరే, ఎస్సై గారి తమ్ముడైనా సరే. తాగినోడి నోరు అబద్ధం చెప్తాది, కాలు చెప్పదు, ఇది నాయన మాట. వెనక్కి పోయినవాళ్లు ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెక్క వంకర అనేవాళ్లు, పోట్లాడేవాళ్లు, మళ్లీ ఏడు తిరునాళ్లకు బుద్ధిగా వచ్చేవాళ్లు. ప్రసాద్ పార్కు పెట్టినప్పుడు మొదట అడిగింది చెక్కనే, మీ నాయన చెక్క ఇస్తానంటే నీకు ఉద్యోగం అన్నాడు, దాని పక్కన రంగు బోర్డు కూడా రాయించాడు. ఒక్కటే చిక్కు, రెబెకమ్మ. పుట్టి బుద్ధెరిగాక చర్చిలో ఇచ్చే ద్రాక్ష నీళ్లు తప్ప ఇంకొకటి ఎరగని రెబెకమ్మ, మోకాలు నొప్పి వల్ల ఎక్కబోయిన మూడుసార్లూ చెక్క మీంచి పక్కకు దిగిపోయింది, ఏడాదిన్నరగా చక్రం కింద ఊడుస్తూ ఒక్కసారి కూడా ఎక్కలేదు. పోనీలే నాయనా అని చెంచులక్ష్మి బతిమాలితే, చెక్క అంటే చెక్కే అన్నాడు కేశవ. అంత నికరమైన మనిషి.

ఆ నికరమే ఆమెను పెంచింది. ఏ ఊరి తిరునాళ్లలోనైనా రాట్నం మొదటిసారి తిరిగేటప్పుడు అందులో కూర్చునేది కేశవ కూతురే, ముందు నా బిడ్డ, తర్వాత మీ బిడ్డలు అని జనానికి వినబడేట్టు కేకేసి, ఆమెను భుజాన ఎత్తుకుని చెక్క మీద నడిచి తొట్టిలో కూర్చోబెట్టి, ఒళ్లో అడ్డ కమ్మీ దించి, కమ్మీకి చీల దిగేసి, మూడుసార్లు లాగి చూసేవాడు, అప్పుడు ఆమె ఊళ్లోని పిల్లలందరికన్నా పెద్దది అయిపోయేది. ఆ ఆట ఇప్పటికీ వదల్లేదు, అందుకే రోజూ మొదట తానే ఎక్కుతుంది, తర్వాత ప్రసాద్ కూతురు రాధిక, పదేళ్లది, సెలవు రోజుల్లో మొదటి తొట్టి తనదేనని పట్టు. ఇంకా ఆ రోజు, ఏఎస్ పేట దర్గాలో గంధం పండగ రోజు, తొమ్మిదేళ్ల వయసు, ఎన్ని వందలసార్లు చెప్పుకుందో, పెళ్లిచూపుల్లో రాజాకు కూడా చెప్పింది, నేను ఎగిరిన రోజు. దర్గా వైపు నుంచి సాంబ్రాణి వాసన, ఎటు చూసినా జనం, ఆకుపచ్చ జెండాలు, రాట్నం కొసకు పోయి కిందికి వాలుతుండగా ఒళ్లో కమ్మీ సర్రున తెరుచుకుంది, కాళ్ల కింద తొట్టి లేదు, రెండు చేతుల్లో కమ్మీ, మిగతాదంతా గాలి, గాలి, ఆమె కేక వేసింది, భయంతో కాదు, దేవుడి తోడు భయంతో కాదు, పరికిణీ నిండా గాలి నిండింది, కింద వేల మొహాలు ఒక్కసారి పైకి లేచాయి, ఆ మొహాలన్నిటి మీదుగా ఆమె వేలాడుతూ వచ్చి ఇసుకలో దిగి నిలబడింది. చప్పట్లు, ఈలలు. సర్కస్ పిల్లనుకున్నారు. నాయన ఒక్కడే నవ్వలేదు, రాట్నం వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు, బిడ్డ మీద అంత ప్రేమ అనుకుని ఆమె పొంగిపోయింది. ఆ రోజే దర్గా వైపు తిరిగి మొక్కుకుని తాగుడు మానేశాడు, ఆ తొట్టి చీలను మొలతాడుకు కట్టుకున్నాడు, దర్గా తాయెత్తులాగా, పాతికేళ్లుగా అక్కడే ఉంది.

కింద నవ్వులు వినబడి ఆమె తొట్టి అంచు మీంచి తొంగి చూసింది. ప్రసాద్ స్నేహితుడు నెల్లూరు నుంచి వచ్చినట్టున్నాడు, కౌంటరు ఎక్కడ కట్టాలో కొలుచుకునేందుకు, తెల్ల ప్యాంటు, చేతిలో బీరు సీసా, అప్పుడే సగం అయిపోయింది. ప్రసాద్ చెక్కను చూపించి ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో వినక్కర్లేదు, తాగినోడు దీన్ని దాటలేడు, అదే కదా. తెల్ల ప్యాంటు సీసాతోనే చెక్క ఎక్కాడు, మూడు అడుగులేసి పక్కకు పడ్డాడు, అందరూ నవ్వారు, రాధిక కూడా చేతులు తట్టి నవ్వింది. చెంచులక్ష్మికి గర్వంగా ఉంది, చూశావా మా చెక్క. అతను ఒక గుక్క తాగి మళ్లీ ఎక్కాడు, సగం దాకా వచ్చాడు, పడ్డాడు. మూడోసారి చెప్పులు విప్పాడు, చేతులు చాచాడు, చివరి అడుగులో జారాడు. నాలుగోసారి మిగిలింది మొత్తం తాగేసి, ఖాళీ సీసా నెత్తిన పెట్టుకుని, ఆ కొసనుంచి ఈ కొసకు, ఒక్క అడుగు తొణక్కుండా నడిచి మెట్టెక్కి, నాటకంలో రాజులాగా వంగి దండం పెట్టాడు. ప్రసాద్ పగలబడి చప్పట్లు కొట్టాడు. తాను దేనికి చప్పట్లు కొడుతున్నాడో ఆ మనిషికి తట్టలేదు. లివరు దగ్గర ముక్కాలి పీట మీద కూర్చున్న కేశవ మాత్రం చప్పట్లు కొట్టలేదు, తల దించుకున్నాడు, అతని చేయి మెల్లగా చొక్కా కింద మొలతాటి దగ్గరికి పోయింది.

చేయి అక్కడికి ఎందుకు పోయింది. సుత్తి గాలిలో ఆగిపోయింది. నాలుగుసార్లు. నాలుగుసార్లు నడిస్తే వచ్చేసింది వాడికి. మరి ఏఎస్ పేట నాటికే పదిహేనేళ్లు నడిచినవాడికి? రోజుకు యాభైసార్లు, మోసుకుని, ఎత్తుకుని, వానలో, చీకట్లో, నిద్రమత్తులో నడిచినవాడికి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, చెక్క ఎలా పడుతుంది. ఆ రోజు నాయన నోట్లో లవంగాలు, ఉన్నాయి, ఎత్తుకున్నప్పుడు ఆమె చెంపకు తగిలిన ఊపిరిలో లవంగాల ఘాటు, పన్నునొప్పి అన్నాడు, ఆ తర్వాత ఏ పంటికీ నొప్పి రాలేదే. భుజాన ఎత్తుకుని చెక్క మీద నడిచాడు, సూటిగా, కొలిచినట్టు, కూర్చోబెట్టాడు, కమ్మీ దించాడు, మూడుసార్లు లాగాడా? లాగలేదు. లాగలేదు, పాతికేళ్లు ఎగిరిన సంగతే చెప్పుకుంది కానీ ఎందుకు ఎగిరిందో ఒక్కసారి అడగలేదు, చీల వేస్తే కదా లాగేది. ఆ రోజు ఇంటికి పోగానే అవ్వ ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీ నాయన తాగినాడా అమ్మా అని అడిగింది, అవ్వకు అనుమానం వచ్చింది, అవ్వ ముక్కు అవ్వ ముక్కే, తాను ఛాతీ విరుచుకుని చెప్పింది, లేదవ్వా, నన్ను ఎత్తుకొని చెక్క మీద నడిచినాడు, ఒక్క అడుగు కూడా తప్పలేదు అని. అవ్వ నమ్మింది. తొమ్మిదేళ్ల పిల్ల సాక్ష్యం. ఆ సాక్ష్యమే ఇప్పుడు మళ్లీ అడుగుతున్నారు, ఈసారి కాగితం మీద, ఈసారి వేల బిడ్డల తరఫున.

ఏడుపు రావాలి కదా, రాలేదు. ఒళ్లంతా జివ్వుమంది, ఏఎస్ పేటలో కాళ్ల కింద తొట్టి పోయినప్పటి లాంటిదే, అంతా గాలి, కానీ చేతుల్లో కమ్మీ ఉంది, గట్టిగా ఉంది. తెలిసింది, ఇన్నాళ్లకు తెలిసింది, హెన్రీకి చెప్పాల్సిన జవాబు కూడా తెలిసింది, ఎవరికి ఎంత పోశామో తెలుస్తుంది హెన్రీ, ఎవరికి ఎంత ఎక్కిందో ఎట్లా తెలుస్తుంది, తాగినవాడికే తెలియదే. ఆమె ఆఖరి బోల్టును ఉన్న బలమంతా పెట్టి కొట్టింది, టంగుమని కొండదాకా వినబడేట్టు పలికింది, కింద అందరూ తలెత్తారు. పడమట ఉదయగిరి కొండను నడుము దాకా చూసింది, కింది సగం ఇంక చూడనేమో, నూట ఇరవై, అద్దాల గదులు, వేలి కొన. దించమని నాయనకు ఆకుపచ్చ తువ్వాలు ఊపింది.

కేశవ లివరు వదిలాడు, తొట్టి మెత్తగా దిగి మెట్టు దగ్గర ఆగింది. ఎప్పట్లాగే ఆయనే వచ్చి చీల తీసి కమ్మీ ఎత్తాడు. ఆమె దిగలేదు.

"నాయనా, ఏఎస్ పేటలో నన్ను ఎక్కించిన పొద్దు, తాగి ఉండావా?"

కేశవ ఆమె వైపు చూడలేదు, చెక్క వైపు చూశాడు. పాతికేళ్లుగా ఈ ప్రశ్నను పక్కనే కూర్చోబెట్టుకుని బతికినవాడి చూపు అది.

"తాగినాను. తాగినా, చెక్క మీద ఒక్క అడుగు తప్పు పడలా. అందుకే నాకు ఎక్కలేదనుకున్నానమ్మా. చీల చూసుకోలా. నా చెక్కే నన్ను నమ్మించింది."

చొక్కా కింద చేయి పెట్టి మొలతాటి ముడి విప్పి, తుప్పు పట్టి వేలెడంత మిగిలిన చీలను ఆమె అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. ఆమెకు కోపం వచ్చింది, ప్రేమా వచ్చింది, రెండూ ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటూ వచ్చాయి, ఆ చీలను పిడికిట్లో బిగించి తొట్టిలోంచి దూకింది. అప్పటికే ప్రసాద్ కాగితం, పెన్ను పట్టుకుని మెట్ల దాకా వచ్చాడు, వెనకే తెల్ల ప్యాంటు, ఖాళీ సీసా ఊపుకుంటూ, చెక్క దాటినాను గదా, మొదటి రౌండు నాదే అంటూ తొట్టి వైపు నడిచాడు, ఆ పక్కన రాధిక మొదటి తొట్టి నాది అని మూతి ముడిచి అడ్డం నిలబడింది.

చెంచులక్ష్మి సంతకం చేయనంది. ఈ చెక్క తాగినవాడిని పట్టుకోదనీ, కొత్తవాడిని పట్టుకుంటుందనీ, ఏడాదిన్నరగా రెబెకమ్మను ఆపింది, ఈయన్ను నాలుగు ఆటల్లో వదిలేసిందనీ గబగబా చెప్పింది, గొంతు తనకే కొత్తగా వినబడింది. ప్రసాద్ మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, నీ సంతకం కాకపోతే ఇంకొకరిది అన్నాడు. పెట్టించుకోమంది, ఆ రోజు నుంచి లివరు దగ్గర కూడా వాళ్లే కూర్చోవాలంది. అని, మెట్టు దిగి రాధిక భుజం మీద చేయి వేసి, తిరునాళ్లలో నాయన కేకేసే మాటను మెల్లగా అంది.

"చెక్క దాటినాడు గదన్నా, ఎక్కించు. ఆయన పక్కన ముందు నీ బిడ్డను కూర్చోబెట్టు. తర్వాత ఊరోళ్ల బిడ్డల్ని కూర్చోబెడదాం."

ప్రసాద్ స్నేహితుడి వైపు చూశాడు. ఆ మనిషి చెడ్డవాడేం కాదు, కళ్లు కాస్త ఎర్రబడి, నవ్వుతూ, పాపకు చేయి చాచి రా తల్లీ అంటున్నాడు. ఆ చేయి నిలకడగానే ఉంది. ప్రసాద్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత గబుక్కున రాధికను తన వైపు లాక్కున్నాడు, ఎందుకు లాక్కున్నాడో అతనికీ అర్థమైనట్టుంది, మొహం మాడిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు. పెద్ద చక్రం మర్చిపో లక్ష్మీ, మార్చి తర్వాత ఇది కూడా ఉంటాదో లేదో అన్నాడు, ఆ మాటలో కోపం కన్నా అలసట ఎక్కువ. మార్చి దాకా తిప్పుతాను కదన్నా అంది ఆమె. అతను స్నేహితుణ్ణి మోచేయి పట్టుకుని క్యాంటీన్ వైపు నడిపించుకుపోయాడు, హెన్రీకి టీ పెట్టమని కేకేస్తూ.

గేటు దగ్గర జనం గొంతులు. పదవుతోంది. కేశవ వంగి చెక్కకు ఒక కొస పట్టుకున్నాడు, ఆమె రెండో కొస అందుకోబోతే వద్దన్నాడు, అరవై ఎనిమిదేళ్ల మనిషి ఒక్కడే ఎత్తి భుజాన వేసుకుని, తీసుకుపోయి కంచె పక్కన వేపచెట్టుకు ఆనించాడు, రంగు బోర్డు పీకి దాని మీదే పెట్టాడు. ఇంక ఏముంది ఎవర్నైనా ఆపడానికి, ఏమీ లేదు, తన కళ్లు, తన ముక్కు, అవ్వ ముక్కు కాస్త వచ్చి ఉంటే అదీ, ఇంకా మూడుసార్లు లాగే చేయి. కేశవ తిరిగి వచ్చి చుట్టూ చూసి, ఊడుస్తున్న మనిషిని పిలిచాడు. రెబెకమ్మ చీపురు ఆపి, నన్నా అన్నట్టు రొమ్ము మీద వేలు పెట్టుకుంది. రాధిక, మొదటి తొట్టి మీద ఏ రోజూ పట్టు విడవనిది, రెండో తొట్టి నాది అని అరుస్తూ పక్కకు జరిగింది. రెబెకమ్మ మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, చీపురు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది, భయంగా ఉండాదే లక్ష్మీ అంది, నవ్వుతూనే ఉంది.

చెంచులక్ష్మి కమ్మీ దించి చీల వేసింది. మూడుసార్లు లాగింది. కేశవ పక్కకు వచ్చి నిలబడి, ఆమెను అడగకుండా, తానూ మూడుసార్లు లాగి చూశాడు. పాతికేళ్ల కింద లాగాల్సినవి. అయ్యాక తల ఊపాడు, ఆమె లివరు ఎత్తింది, రెబెకమ్మ చీపురుతో సహా పైకి లేచింది.